ఐదు ఊళ్ళు, ఐదు బొమ్మలు

“ఈసారి మన ఏజెంటు మీదే కన్ను వెయ్యాలి,” అన్నాడు వరహాలరావు.

అది 1926 ఆగస్టు. వాల్తేరులో బోర్డు లేని ఒక బంగళా. బయట మూడు రోజులుగా ముసురు. వరహాలరావు మద్రాసు సర్కారు రహస్య విభాగంలో ఆఫీసరు, కొండల మీద జరిగే ప్రతి గుసగుసకీ జవాబుదారీ. బల్లకి ఇవతల నిలబడ్డ మనిషి పేరు నూకరత్నం. రెండుసార్లు కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. ఒకచోట కుదురుగా ఉండడం ఆమెకి చిన్నప్పటినుంచీ చేతకాదు. ముప్ఫై అయిదేళ్ళ వయసు. పదకొండేళ్ళలో తొమ్మిది దొరల ఇళ్ళలో ఆయాగా చేసింది. ఆ తొమ్మిదిమందిలో నలుగురు ఉద్యోగాలు పోగొట్టుకుని ఓడెక్కారు. ఎలా దొరికిపోయారో వాళ్ళకి ఈనాటికీ తెలీదు. ఆయా గదిలో ఉంటే ఎవరూ గొంతు తగ్గించరు, అదే ఆమె ఆయుధం.

వరహాలరావు ఒక ఫోటో ముందుకి తోశాడు. సన్నటి మొహం, పొట్టిగా కత్తిరించిన జుట్టు, కెమెరా పట్టుకున్న చెయ్యి. మిసెస్ అడెలా క్రెంజ్. స్విస్ పాస్‌పోర్టు. ఎవరూ పోని ఊళ్ళకి పోయి ఫోటోలు తీసుకొచ్చి, మ్యాజిక్ లాంతరుతో తెర మీద చూపిస్తూ క్లబ్బుల్లో ఉపన్యాసాలిస్తుంది. మూడేళ్ళుగా మద్రాసుకి రిపోర్టులు పంపిస్తోంది. చిన్న విషయాల్లో ఆ రిపోర్టులు అచ్చు నిజం. పెద్ద విషయాల్లో మాత్రం ఎప్పుడూ ఒక రోజు ఆలస్యం.

సంగతి అతను నాలుగు ముక్కల్లో చెప్పాడు. అనంతగిరి, అరకు కొండల కింద మాంగనీసు ఉంది. దాని మీద ఒక విదేశీ సిండికేటు కన్ను పడింది. కొండల మీద ఊళ్ళున్నంతకాలం లీజు ఇవ్వమని సర్కారు చెప్పేసింది. గూడెం వైపు ఫితూరీ చల్లారి రెండేళ్ళే అయింది. ఇప్పుడు మళ్ళీ ఒక్క రక్తపు చుక్క పడితే మిలిటరీ ఎక్కుతుంది, ఊళ్ళు కాలిపోతాయి. ఆ తర్వాత లీజుకి అడ్డు ఎవరూ ఉండరు. క్రెంజ్ ఇద్దరి జీతమూ తింటోందని అతని అనుమానం.

“వచ్చే నెల ఉత్తర జపాను వెళుతోంది. తోడు ఒక ఆయా కావాలంది. కిందటిసారి ఆమె వెనక మా గుమాస్తా ఒకణ్ణి పంపాం. మూడో రోజు కోబే రేవులో తేలాడు.”

“ఆయాలు తేలరా బాబూ?”

వరహాలరావు కోడ్ మాత్రం చెప్పాడు. ఉత్తరాలు సాలూరులో ఉన్న అక్క యర్రమ్మకి రాయాలి. అలాంటి అక్క లేదు. దగ్గు అంటే అనుమానం. జ్వరం అంటే రుజువు దొరికింది. చావుబతుకులు అంటే ఇంక ఒక్క క్షణం లేదు.

నూకరత్నం ఒప్పుకుంది. సర్కారు మీద ప్రేమతో కాదు. ఆమె పుట్టింది ఏటికొప్పాకలో, లక్కబొమ్మలు చేసే ఇంట్లో. బొమ్మలకి వాడే అంకుడు కర్ర మోసుకుని కొండ దిగే ఆడవాళ్ళ చేతి అంబలి తాగి పెరిగింది. ఫితూరీ అణిచిన ఏడాది ఒక దొర పిల్లల వెంట కొండెక్కి, కాలిపోయిన పద్దెనిమిది ఇళ్ళ మధ్య నడిచింది. ఆ బూడిద వాసన ఇంకా ఆమె ముక్కులోనే ఉంది.

సెప్టెంబరు చివర కోబేలో ఓడ దిగారు. భూకంపానికి కాలిన టోక్యో ఇంకా తడికల మధ్య లేస్తూ ఉంది. అడెలా అక్కడ ఒక్క పూట కూడా నిలవలేదు. గుళ్ళూ తోటలూ అందరూ చూసేవే, గైడు పుస్తకంలో రెండు లైన్లకి నోచుకోని ఊళ్ళు కావాలి తనకి, అంటూ రైలెక్కింది. రైలు ఉత్తరానికి తిరిగింది. పండిన వరి మళ్ళు, పొగమంచు, వంతెనలు, మళ్ళీ వరి మళ్ళు. నూకరత్నం కిటికీ వదల్లేదు. అడెలా రైలు పెట్టెలో కూర్చోలేక తలుపు దగ్గర అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

మొదటి ఊరు నరుకో. కొండ సందులో వేడినీటి బుగ్గలు, వీధంతా గంధకం వాసన, చెక్క చెప్పుల టకటక. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు విని నూకరత్నం ఆగిపోయింది. చక్రం మీద కర్ర తిరిగే చప్పుడు. వాకిట్లో ఒక ముసలాయన చేతుల్లేని, కాళ్ళు లేని కొయ్యబొమ్మ చేస్తున్నాడు. గుండ్రటి తల, నిటారు ఒళ్ళు, రెండు గీతల కళ్ళు. తలని మెడలోకి బిగించి తిప్పి చూపించాడు. బొమ్మ కీచుమంది. ఆ ఊరి బొమ్మల లక్షణం అదేనట. ఆమె ఉలి అడిగి, కర్రముక్క మీద చిన్న బొంగరం తీసింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. ముసలాయన బొంగరాన్ని గుమ్మంలో తిప్పి పసివాడిలా నవ్వాడు.

ఎదుటి దుకాణంలో అడెలా ఒక బొమ్మ కొంటోంది. అమ్మేవాడు జపాను మనిషి కాదు. మాసిన రష్యన్ కోటు వేసుకున్నాడు. సైబీరియా యుద్ధం ముగిశాక ఆ తీరమంతటా అలాంటి దిక్కులేని మనుషులూ, దిక్కులేని సామానూ చేరాయి. ఆ బొమ్మని సర్దుతూ నూకరత్నం దాని తల తిప్పి చూసింది. కీచుమనలేదు. తల తిరగనే లేదు.

రెండో ఊరు సకాత. సముద్రం పక్క వరసగా బియ్యపు గిడ్డంగులు, వాటి వెనక గాలిని ఆపే పెద్ద పెద్ద చెట్లు. బస్తాలు మోసేది ఆడవాళ్ళు. ఒక్కొక్కరి వీపు మీద రెండు మూడు బస్తాలు. అడెలా ఫోటో తీస్తుంటే ఒకామె బరువు దించకుండానే నూకరత్నం వైపు చూసింది, ఇది మోసి చూడు అన్నట్టు. ఆ సాయంత్రం అడెలా స్నానానికి వెళ్ళగానే నూకరత్నం నరుకో బొమ్మ మెడని కుంపటి సెగకి పట్టింది. లక్క కరిగింది. తల ఊడింది. లోపల దూదిలో చుట్టిన ఇత్తడి పళ్ళచక్రం. ఈ ఊళ్ళో కొన్న రెండో బొమ్మలోనూ అలాంటిదే, ఇంకా చిన్నది. రెండూ మళ్ళీ పెట్టి లక్క పూసింది. ముందుకంటే బాగా అతికింది, పుట్టింటి పని మరి. అక్కకి ఉత్తరం రాసింది: నాకు దగ్గు పట్టుకుంది.

మూడోది నొషిరో. ఊరంతా రంపపు మిల్లులు, నది నిండా దేవదారు దుంగలు, ఇసకని ఆపడానికి నాటిన పైన్ అడవి. అక్కడ బొమ్మలు చేసేవాడే లేడు. అయినా సత్రంలో అడెలా పేరుతో ఒక బొమ్మ కాచుకుని ఉంది. దాంట్లో చుట్టలు చుట్టిన ఉక్కు తీగ.

నాలుగో ఊరు హిరొసాకి. ఆపిల్ తోటలు, కోట కందకంలో నీళ్ళు, దూరంగా ఒంటరి కొండ నెత్తిన అప్పుడే పడ్డ మంచు. నూకరత్నం పళ్ళు టకటకలాడుతుంటే అడెలా తన గొర్రె ఊలు కోటు తీసి ఆమె భుజాల మీద వేసింది. ఆపిల్ కోసి సగం ఇచ్చింది. నీకెవరున్నారు అని అడిగింది. ఆ ప్రశ్నకి సిద్ధం చేసుకున్న అబద్ధం ఒకటుంది, సాలూరు అక్క. నూకరత్నం నోట అది రాలేదు. ఎవరూ లేరంది. అడెలా మంచుకొండ వైపు చూసి, తనకీ ఎవరూ లేరంది. ఏ ఊళ్ళోనూ మూడో రాత్రి నిద్ర పట్టదంది. నూకరత్నానికీ పట్టదు. ఈ మనిషి నా లాంటిదే అన్న ఆలోచన ఆ చలికంటే ఎక్కువగా ఆమెని వణికించింది. నాలుగో బొమ్మలో తుపాకీలో తూటాని పేల్చే సూది లాంటి కొట్టుడు మొన ఉంది.

ఐదోది కురొయిషి. వీధి పొడుగునా ఇళ్ళ ముందు చూరు కట్టిన నడవలు, మంచు కురిసినా కింద పొడిగా నడవచ్చు. అక్కడ కొన్న బొమ్మలో గంటలు, నిమిషాలు చెక్కిన ఇత్తడి బిళ్ళ. నూకరత్నానికి అర్థమైంది. ఐదూ కలిపితే గడియారం, ఎవరికీ టైము చెప్పడానికి కాదు, బాంబు పేల్చడానికి. ఏ ఊళ్ళో ఏ ముక్క పట్టుబడినా ఎవరికీ ఏమీ తెలియకూడదని ఐదు ఊళ్ళు తిరిగింది అడెలా. నూకరత్నం వెంటనే తంతి కొట్టింది: అక్కా, జ్వరం.

నవంబరులో కలకత్తా రేవులో వరహాలరావు స్వయంగా కస్టమ్సు వాళ్ళని వెంటబెట్టుకుని నిలబడ్డాడు. అడెలా సామానంతా విప్పారు. ఐదు బొమ్మలనీ నిలువునా చీల్చారు. లోపల ఏమీ లేదు.

అడెలా కోప్పడలేదు. చీలిన బొమ్మ ముక్కలు ఏరుకుని, మద్రాసుకి ఒక ఉత్తరం రాసింది. నాలుగో రోజుకల్లా వరహాలరావుకి పైనుంచి మొట్టికాయ పడింది: మన ఏజెంటుని మనమే అవమానించామా, ఫైలు మూసెయ్యి. జరిగినదానికి బదులుగా అడెలా కోరింది చాలా చిన్న విషయం. అనంతగిరిలో ఏజెన్సీ స్పెషల్ ఆఫీసరు కొండ ఊళ్ళ పెద్దలైన ముఠాదార్లని సమావేశపరుస్తున్నాడు కదా, అక్కడ తన ఉత్తర జపాను స్లైడ్లు చూపించాలి. కొండవాళ్ళు మంచు చూసి ఆశ్చర్యపోతారంది. మద్రాసు సరేనంది.

“నీ మాట నమ్మి నా పరువు పోయింది,” అన్నాడు వరహాలరావు. “పని మానేసి ఇంటికి పో.”

“ఇప్పుడు మానేత్తే ఆవిడికి అనుమానం వత్తాది బాబూ. కొండ దిగీవరకూ ఉంటాను.”

అలా అని వచ్చేసింది గాని, ఆమెకి తన కళ్ళ మీదే నమ్మకం సడలింది. ముక్కలు చూసింది తను. పోయాయి. ఎక్కడికి?

డిసెంబరు మొదటి వారం. కొండల మీద వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. అనంతగిరి బంగళా పక్క గుడారాలు లేచాయి. అడెలా పది రోజులుగా బొర్రా గుహల దాకా తిరిగి ఫోటోలు తీస్తోంది. ఆమె సామాను మోసేది బుధు, నలభై ఏళ్ళ కొండమనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఘాట్ రోడ్డు పనులకి రాళ్ళు పేల్చే మందు సరఫరా చేసే షావుకారు తాతారావు రెండుసార్లు వచ్చిపోయాడు. టీ ఇచ్చిన నూకరత్నం గుమ్మం దగ్గరే నిలబడి వింది. వాళ్ళు ఇప్పసారా గురించీ, చలి గురించీ తప్ప మాట్లాడుకోలేదు. మొదటిసారిగా ఎవరో ఆయా ముందు గొంతు జాగ్రత్తగా వాడుతున్నారు.

శుక్రవారం సంత. పదకొండు గంటలకి లాంతరు ప్రదర్శన. ఆ పొద్దున్న ఏడింటికే అడెలా ఆమెని పిలిచి, పెద్ద సామానంతా తీసుకుని బండిలో శృంగవరపుకోటకి దిగిపొమ్మంది. తను రేపు వస్తానంది. ఊలు కోటు మళ్ళీ ఆమె భుజాల మీద కప్పి, బండి దాకా వచ్చింది. దొరసాని ఆయాని సాగనంపడం ఎవరూ ఎరగరు.

“దారిలో ఎక్కడా ఆగకు, రత్నం.”

బండి నాలుగు మైళ్ళు దిగాక బండివాడు పైడయ్య ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి వాగు దగ్గర ఆపాడు. సామాను ఒక పక్కకి ఒరిగింది. నూకరత్నం తన రేకు ట్రంకుని సర్దబోయి ఎత్తింది. అది చటుక్కున లేచివచ్చింది. కోబే నుంచి కలకత్తా దాకా, కలకత్తా నుంచి కొండ దాకా ఆ పెట్టె ఎత్తినప్పుడల్లా కాస్త బరువెక్కినట్టు అనిపించేది. వయసు మీదపడుతోంది అనుకునేది. ఇప్పుడు తేలిక.

మూత తీసి బట్టలు కింద పారేసింది. అడుగున ఇంకో రేకు అడుగు. కింద దూది పరుపు, దాంట్లో ఐదు గుంటలు, ఐదూ ఖాళీ.

ఆమె ఆ గుంటల్లో ఒక్కొక్కదాంట్లో వేలు పెట్టి చూసింది. కలకత్తాలో బొమ్మలు చీల్చారు, దొరసాని పెట్టెలు విప్పారు. ఆయా పెట్టె ఎవరూ వెతకలేదు. వెతకనివాళ్ళలో తనూ ఉంది. పదకొండేళ్ళు ఏ ధీమాతో బతికిందో, ఆ ధీమానే వాడుకుని అడెలా ఆ ముక్కల్ని సముద్రం దాటించింది. బాంబు గడియారాన్ని కొండ మీదికి మోసుకొచ్చింది తనే.

విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని ఒకామె సంతకి ఎక్కుతూ ఆగింది. సోములమ్మ, బుధు అక్క.

“ఏటమ్మా, అలాగున్నావు? ఒంట్లో బాగోలేదేటి?”

నూకరత్నం ఆమెని బుధు గురించి అడిగింది. లాంతరు కింద పెట్టడానికి దొరసాని ఒక చెక్కపెట్టె చేయించిందట. బరువు చచ్చినంత ఉందట. నిన్న ఒక కాగితం మీద బుధు వేలిముద్ర కూడా వేయించుకుందట.

“ఏటి రాసుందో సదివి సెప్పిందేటి?”

“ఆ పెట్టె మా బుధుగాడే సేసి దొరకి బగుమానం ఇత్తన్నాడని రాసిందంట. ఆడు సెయ్యలేదు గదా అంటే, పేరు నీదే ఉండనీ అందంట. మంచి దొరసాని.”

ఆ కాగితం ఒక్కటి చాలు. పెట్టె పేలి స్పెషల్ ఆఫీసరూ, ముప్ఫైమంది ముఠాదార్లూ పోతే, కొండవాడు చేసిన పెట్టె, కొండవాడి వేలిముద్ర. పేలినదాంట్లో బుధు కూడా పోతాడు, కాదని చెప్పేవాడు ఉండడు. వారం తిరక్కుండా మిలిటరీ వస్తుంది.

“సోములమ్మా, బేగి బంగళాకి సేరాలి. బండి దారి కాదు.”

సోములమ్మ మోపు వాగు పక్కన దించి, చీర గోచీ బిగించి, పొదల్లోకి దారి తీసింది. అది దారి కాదు, మేకల జాడ. నాలుగు మైళ్ళ మెలికలు ఒక్క మైలు నిలువుకి కుదించుకుపోయాయి. నూకరత్నం గోళ్ళతో పాకింది. ఊలు కోటు ముళ్ళకి చిరిగింది. ఆమె దాన్ని విప్పి పారెయ్యలేదు, అది కావాలి.

పైకి తేలేసరికి సంత గోల వినిపించింది. పెద్ద గుడారానికి నల్ల గుడ్డలు కప్పి లోపల చీకటి చేశారు. గుమ్మంలో జవాను ఆయాని చూసి పక్కకి జరిగాడు. దొరసాని కోటు తెచ్చిందని అతనికి అడక్కుండానే తెలుసు.

తెర మీద హిరొసాకి కోట. నేల మీద వరసలుగా ముఠాదార్లు, కుర్చీలో స్పెషల్ ఆఫీసరు, వెనక బల్ల మీద వరహాలరావు. లాంతరు పక్కన బుధు విసనకర్ర పట్టుకుని నిలబడ్డాడు. లాంతరు కింద నల్ల గుడ్డ కప్పిన పెట్టె. అడెలా స్పెషల్ ఆఫీసరు గుమాస్తా చేతికి స్లైడ్ల పెట్టె ఇచ్చి, ఐదో ఊరు కురొయిషి ఇప్పుడు చూస్తారు, ఈలోపల పెద్దలకి తెచ్చిన బహుమతులు పట్టుకొస్తాను, అని చెప్పి గుమ్మం వైపు నడిచింది. గుమ్మంలో నూకరత్నం ఎదురైంది.

“చలి, అమ్మగారూ,” అంటూ కోటు చాపి, ఆ కోటు కిందనుంచి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ తర్వాత మాట్లాడింది ఆయాల ఇంగ్లీషు కాదు. “ఐదో ఊరు ఇద్దరం కలిసి చూద్దాం.”

అడెలా కళ్ళు ఒక్కసారి పెద్దవై మళ్ళీ మామూలయ్యాయి.

“వదులు. ఇక్కడుంటే చచ్చిపోతావు.”

“ఇద్దరం.”

అడెలా గింజుకుంది. ఉలి పట్టిన చెయ్యి సడలలేదు. తెర మీద కోట మాయమై మంచు వీధి వచ్చింది. ముఠాదార్లు ఆ తెల్లదనం చూసి ఏదో గొణుక్కున్నారు. అడెలా నుదుటి మీద చెమట పట్టింది.

“మూడు నిమిషాలు లేవు,” అంది. “మూత తియ్యకు. తీస్తే అక్కడికక్కడే.”

అది అబద్ధం చెప్పే గొంతు కాదు. నూకరత్నం ఆ మణికట్టుని వెనకే నిలబడ్డ సోములమ్మ చేతికి అందించింది.

“ఈవిడ సెయ్యి ఒదలకు.”

సోములమ్మ రెండు చేతులా పట్టుకుంది.

నూకరత్నం వరసల మధ్యనుంచి నడిచింది. పరిగెత్తితే తొక్కిసలాట. వరహాలరావు పక్కనుంచి వెళుతూ వంగి ఒక్క మాట అంది: చావుబతుకులు. ఫైలు మూసేసిన మనిషి, అయినా అతను ఆ మాటకి అర్థం అడగకుండా లేచి గుమ్మం వైపు నడిచాడు. ఆమె లాంతరు దగ్గరికి చేరి, దాన్ని కాలితో ఒక్క తాపు తన్నింది. గాజు స్లైడ్లు భళ్ళుమన్నాయి. దీపం ఆరింది. చీకట్లో స్పెషల్ ఆఫీసరు ఇంగ్లీషులో తిట్టడం మొదలుపెట్టాడు. పెట్టె లోపల ఎక్కడో సన్నగా, పురుగు కొరుకుతున్నట్టు, ఇత్తడి పళ్ళు కదులుతున్నాయి.

“బుధూ, అటుపక్క ఎత్తు. ఒరగనియ్యకు.”

ఇద్దరూ పెట్టె ఎత్తి గుడారం వెనక గుడ్డ కిందనుంచి బయటపడ్డారు. ఎండ కళ్ళలో కొట్టింది. లోయ అంచు నలభై అడుగులు. ఇరవై అడుగులు నడిచాక బుధు అడిగాడు.

“ఇందులో ఏటుందమ్మా?”

“నీ సావు.”

బుధు అడుగు పెంచాడు. అంచు దగ్గర ఆమె చెయ్యి జారింది. బుధు ఒక్కడే పెట్టెని ఛాతీకి ఎత్తుకుని, కర్రమోపు విసిరినట్టు లోయలోకి విసిరాడు. అది ఒక రాతికి తగిలి గెంతింది. కొండంతా దద్దరిల్లింది. పొగ, మట్టి, తెగిన కొమ్మలు పైకి లేచి, నెమ్మదిగా వలిసె పూల మీద రాలాయి. నూకరత్నం పడ్డచోట నేలని రెండు చేతులా పట్టుకుని ఉండిపోయింది. జీవితంలో మొదటిసారి ఆమెకి లేవాలనిపించలేదు.

గుడారం లోపల్నుంచి స్పెషల్ ఆఫీసరు గొంతు వినిపించింది. సంతరోజున రోడ్డు పనివాళ్ళు మందు పేల్చకూడదని ఎన్నిసార్లు చెప్పాలి, అని కేకలేస్తున్నాడు.

వరహాలరావు అతని భ్రమ తొలగించలేదు. క్రెంజ్ సర్కారు జీతం తిన్న మనిషి. ఆ సంగతి కొండ దాటి పోకూడదు. తాతారావుని మందు లెక్కల పేరు చెప్పి పట్టుకెళ్ళారు. దొరసానికి ఒంట్లో బాగోలేదని చెప్పి, తెరలు కట్టిన డోలీలో ఎక్కించారు. ఆమె మణికట్టు మీద సోములమ్మ అయిదు వేళ్ళూ నీలంగా తేలాయి. డోలీ కదిలేముందు అడెలా తెర పక్కకి జరిపింది.

“ఎలా తెలిసింది?”

“మీరు నన్ను కిందకి పంపారు,” అంది నూకరత్నం. “దొరసానులు ఆయాని బండి దాకా సాగనంపరు.”

అడెలా నీలం తేలిన మణికట్టు రుద్దుకుంది. “ముప్ఫైమందిలో ఒక్క మనిషిని వదిలేద్దామనుకున్నాను.”

నూకరత్నం డోలీ మలుపు తిరిగేదాకా నిలబడింది. తరవాత కూడా, ఎన్నో ఊళ్ళలో, మూడో రాత్రి నిద్ర పట్టనప్పుడల్లా ఆ మాట వచ్చి పక్కన కూర్చునేది.

వారం తరవాత వాల్తేరు బంగళాలో ఆమె ఒకే ఒక్కటి అడిగింది, బుధు వేలిముద్ర వేసిన కాగితం. వరహాలరావు అది ప్రభుత్వ సాక్ష్యమనీ, ఇవ్వడం కుదరదనీ చెప్పి, కాగితం బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇటు తిరిగేసరికి కుంపట్లో ఒక మూల నల్లగా ముడుచుకుంటోంది. మద్రాసుకి వెళ్ళిన రిపోర్టులో కొండమనిషి పేరు ఒక్కటీ లేదు. ఆమె పేరు కూడా లేదు.

“నీ మీద ఒక కాగితం మాత్రం వచ్చింది,” అంటూ అతను ఇంకోటి తీశాడు. స్పెషల్ ఆఫీసరు తన చేత్తో రాసి పంపిన చీటీ. క్రెంజ్ దొరసాని దగ్గర పనిచేసిన ఆయా ప్రదర్శన మధ్యలో లాంతరు తన్నేసింది. స్లైడ్లన్నీ పగలగొట్టింది. తనని ఐదో ఊరు సరిగా చూడనివ్వలేదు. పైగా ఒక పెట్టె ఎత్తుకుని పారిపోయింది. ఇలాంటిదాన్ని ఏ ఇంట్లోనూ పెట్టుకోకూడదు.

నూకరత్నం అది చదివి, చింపెయ్యబోతున్న అతని చెయ్యి ఆపింది. ఉండనివ్వమంది.

పదకొండేళ్ళ సర్వీసులో ఆమె ఏం చేసిందో సర్కారువారు సంతకం పెట్టి మరీ రాసిన కాగితం అదొక్కటే. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.